నింపిన ట్యాంకు తెల్లారేసరికి ఎందుకు ఖాళీ?



ప్రతి ఏడాదీ ఈ సంచికలో జమాఖర్చుల పట్టిక అచ్చు వేస్తున్నాం. దాన్ని పై నుంచి కింది దాకా వరుస వదలకుండా చదివే దాతలు కొందరున్నారు. అల్లాహ్ వారికి మేలు చేయుగాక, మమ్మల్ని దారిలో పెట్టేది వారే. అలాంటి పెద్దాయన ఒకరు ‘నీటి సహాయం’ అన్న పద్దు మీద వేలు పెట్టి అడిగారు: “మంత్రాలయం ఏటి ఒడ్డు ఊరు గదా. తుంగభద్రను పక్కన పెట్టుకుని నీళ్లకు ఇంత ఖర్చేంది?”

ఆ రోజు మేము చెప్పిన జవాబు ఆయనకు నచ్చలేదు. నిజం చెప్పాలంటే మాకూ నచ్చలేదు. ఎండలు ముదిరాయి, బోర్లు తగ్గాయి, కరెంటు రేట్లు పెరిగాయి అని చెప్పాం. అవన్నీ నిజమే. కానీ ఆ డబ్బులో ఎంత నీళ్లకు పోయిందో, ఎంత కారిపోయిందో మేము ఏనాడూ చూడలేదు. ఆయన అడిగాక చూశాం. చూసింది దాతలకు చెప్పడం మా బాధ్యత కాబట్టి ఈ వ్యాసం రాస్తున్నాం. మీ ఇళ్లకూ పనికొస్తుంది.

ముందు పెద్దాయన ప్రశ్నకు రావాలి. ఏరు ఊరి పక్కన ఉండటం వేరు, నీళ్లు ఇంటి కుండలో ఉండటం వేరు. ఎగువన హోస్పేట దగ్గర 1953లో పూర్తయిన తుంగభద్ర డ్యాం నుంచి నీళ్లు వదిలితేనో, పైన మంచి వానలు పడితేనో మన దగ్గర ఏరు నిండుగా పారుతుంది. 2009 అక్టోబరు మొదట్లో ఇదే ఏరు ఊళ్లోకి వచ్చి ఇళ్లను ముంచింది. ఎండాకాలంలో అదే ఏరు ఇసుక మధ్య సన్నటి పాయ అవుతుంది. ఒకప్పుడు మంచాల అనే ఈ ఊరిని ఆదోని పాలకుడు సిద్ది మసూద్ ఖాన్ రాఘవేంద్రస్వామి వారికి ఇచ్చాడన్న సంగతి ఇక్కడ అందరూ ఎరిగిందే. ఇంతకన్నా పంటలు పండే ఊరు ఇస్తానన్నా స్వామివారు ఇదే కావాలన్నారని పెద్దలు చెప్పుకుంటారు. అంటే ఆనాటికే ఇది మెట్ట ఊరన్నమాట.

ఇంకో చిక్కుంది. మన దగ్గర నీళ్ల బిల్లు ‘నీళ్ల బిల్లు’ అన్న పేరుతో రాదు. పంచాయతీ కుళాయికి మీటరు ఉండదు, ఏడాదికి ఇంత అని పన్ను కడతాం, అంతే. అసలు ఖర్చు వేరే పేర్లతో వస్తుంది. బోరు మోటరు ఖర్చు కరెంటు బిల్లులో కలిసిపోతుంది. వేసవిలో ట్యాంకరు, తాగడానికి క్యాను, మోటరు కాలితే వైండింగు. నాలుగు చోట్ల నాలుగు చేతులకు ఇస్తాం కాబట్టి నెలకు నీళ్లకు ఎంత పోతుందో ఇంటి ఇల్లాలికి కూడా సరిగ్గా తెలియదు. లెక్క తెలియని చోట లీకు తెలియదు.

మాకు కళ్లు తెరిపించింది ఒక ఇల్లు. భర్త పోయిన ఒక ఖాలా, ఇద్దరు ఆడపిల్లలు, ఒక మనవడు. రెండు వేసవులు వారి కరెంటు బిల్లులో సగం మన సంస్థ కట్టింది. రెండో వేసవిలో బిల్లు ఇంకా పెరిగింది. వెళ్లి అడిగితే ఆమె అన్న మాట ఇది: “భాయ్, రాత్రి ట్యాంకు నిండుగా పట్టి పండుకుంటాను. ఫజర్‌కు లేస్తే వుజూకు కూడా నీళ్లుండవు. మళ్లీ మోటరు ఏస్తాను. బోరు ఎండిపోతా ఉందేమో.” మోటరు మిస్త్రీ వచ్చి బోరు ఇంకా లోతుకు వేయాలన్నాడు. మేమూ నమ్మాం. కొత్త బోరు కోసం చందా చీటీ కూడా రాసిపెట్టుకున్నాం.

ఆ చీటీ దాతల దగ్గరకు పోకముందే ఒక చిన్న సంగతి జరిగింది. మోటరు ఆపిన వెంటనే మనవడు ట్యాంకు మూత తీసి లోపలికి తొంగిచూశాడు. “నీళ్లు ఎనక్కి పోతాండాయి” అన్నాడు. ముందు మేము నవ్వాం. తర్వాత మాలో ఒకరు మేడెక్కి పైపుకు చెవి ఆనించి విన్నారు. మోటరు ఆగి పది నిమిషాలైనా పైపులో గలగల వినిపిస్తూనే ఉంది.

ఏం జరిగిందో చెబుతాం. బోరు మోటరు మీద నాన్ రిటర్న్ వాల్వ్ అని ఒకటి ఉంటుంది, మిస్త్రీలు ఎన్‌ఆర్‌వి అంటారు. నీళ్లను పైకి పోనిస్తుంది, కిందికి రానివ్వదు. ఇసుక రేణువు పడినా, ఉప్పునీటి గార పట్టినా అది సరిగ్గా మూసుకోదు. అలా మూసుకోకపోయినా పెద్ద నష్టం ఉండకూడదు. పైపులో నిలిచిన నీళ్లు మాత్రమే బోరులోకి జారి ఊరుకోవాలి. కానీ ఈ ఇంట్లో ట్యాంకులోకి వచ్చే పైపు చివరను ఎవరో నీళ్ల అడుగుదాకా పొడిగించారు. ఎందుకంటే పై నుంచి నీళ్లు పడే చప్పుడుకు కింద నిద్ర పట్టడం లేదట. పైపు కొన నీళ్లలో మునిగి ఉంటే, కింద వాల్వ్ మూసుకోకపోతే, డ్రమ్ములోంచి రబ్బరు గొట్టంతో కిరోసిన్ లాగినట్టే ట్యాంకులోని నీళ్లన్నీ బోరులోకి లాగేసుకుంటుంది. ఖాలా రోజూ రాత్రి కరెంటు కాల్చి నీళ్లు పైకి ఎక్కించేది. అవి తెల్లవారేలోగా తిరిగి వచ్చిన చోటికే పోయేవి. బోరు ఎండలేదు, ఒక్క అంగుళం కూడా లోతు వేయాల్సిన పని లేదు.

బాగుచేయడానికి పట్టింది ఒక రంపపు కోత. పైపు చివరను నీటి మట్టం కన్నా పైకి కోశాం. బోరు పైన, నేల మట్టంలో ఇంకో ఎన్‌ఆర్‌వి బిగించాం. అయిన ఖర్చు వందల్లోనే. రెండు వేసవులు మేము కట్టిన బిల్లుల పక్కన పెడితే అది లెక్కలోకి రాదు. ఆ డబ్బు దాతలది. మేము చేసింది సహాయమే, కానీ కళ్లు మూసుకుని చేసింది. ఈ మాట రాయడానికి మాకు ఇబ్బందిగానే ఉంది.

ఆ తర్వాత సహాయం కోసం అర్జీ పెట్టుకున్న ప్రతి ఇంటికీ ముందు వెళ్లి చూడటం మొదలుపెట్టాం. వెళ్లిన కొద్దీ ఒక పద్ధతి కుదిరింది. దానికి పరికరాలు అక్కర్లేదు. సుద్దముక్క, టార్చిలైటు, టీ గ్లాసు, ఒక రాత్రి చాలు.

ఇషా తర్వాత ఇంట్లో అందరి పనులూ అయ్యాక ట్యాంకు నింపి మోటరు ఆపాలి. నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో ఒక కర్ర ముంచి దాని మీద గీత పెట్టాలి. రాత్రంతా ఎవరూ కుళాయి తిప్పకూడదు. ఫజర్‌కు ముందు, ఎవరూ నీళ్లు వాడకముందే, అదే కర్రతో మళ్లీ చూడాలి. లోపల నీళ్లు మీటరు ఎత్తున నిలిచే 1000 లీటర్ల ట్యాంకయితే ఒక్కో సెంటీమీటరు తగ్గితే 10 లీటర్లు పోయినట్టు. గీత కదలకపోతే ఇల్లు బాగున్నట్టే, ఖర్చు వాడకంలోనే ఉంది. కదిలితే మరుసటి రాత్రి ట్యాంకు కింద ఇంట్లోకి పోయే గేట్ వాల్వ్ కట్టేసి మళ్లీ ఇదే చేయాలి. వాల్వ్ కట్టినా తగ్గితే నీళ్లు పోతున్నది ట్యాంకు పగులు నుంచో, ఖాలా ఇంట్లోలాగా వచ్చిన పైపు దారినో. కట్టినప్పుడు తగ్గకపోతే దొంగ ఇంటి లోపలే ఉన్నాడు. రెండు రాత్రుల్లో సగం ఇల్లు అనుమానం నుంచి బయటపడుతుంది. మిస్త్రీని పిలిచే ముందు ఈ పని చేసుకుంటే అతను గోడలు అక్కడా ఇక్కడా తవ్వడు.

హైదరాబాదులో ఉండే మన దాతలకు ఇది ఇంకా తేలిక, మీటరు ఉంటుంది కాబట్టి. పడుకునే ముందు అంకె రాసుకుని, లేచాక చూస్తే చాలు. చాలా మీటర్ల మీద చిన్న నక్షత్రం లాంటి చక్రం ఉంటుంది. కుళాయిలన్నీ కట్టినా అది తిరుగుతూ ఉంటే ఎక్కడో కారుతున్నట్టే. అక్కడ 2020 డిసెంబరు నుంచి ఇళ్లకు నెలకు 20,000 లీటర్ల దాకా ఉచితం, దాటిన నీళ్లకు డబ్బు కట్టాలి. కారే టాయిలెట్టు ఒకటి చాలు ఆ హద్దు దాటించడానికి. గల్ఫులో ఉన్నవారికి మీటరు సంగతి మేము చెప్పనక్కర్లేదు.

ఇంటి లోపల దొంగల్లో మొదటిది ఫ్లష్ ట్యాంకు. చప్పుడు చేయదు, నేల తడవదు, నీళ్లు నేరుగా మరుగుదొడ్డి గుంతలోకి పోతాయి. పట్టుకోవడానికి మన వంటింట్లోనే మందుంది. బిర్యానీలో వేసే కేసరి రంగు చిటికెడు ఫ్లష్ ట్యాంకులో కలపాలి. ఇరవై నిమిషాలు ఎవరూ ఫ్లష్ చేయకుండా చూడాలి. కింద తొట్టిలోకి రంగు దిగితే లోపల రబ్బరు బిళ్ల సరిగ్గా కూర్చోవడం లేదని అర్థం. ఆ బిళ్ల ప్రతి హార్డ్‌వేర్ షాపులోనూ దొరుకుతుంది. ఒక ఇంట్లో ఈ రంగు చూసి చిన్నపిల్లలు “దావత్ ఉందా” అని అడిగారు.

రెండోది ఓవర్‌ఫ్లో. పంచాయతీ నీళ్లు సంపులోకి వచ్చే చోట, సంపు నుంచి ఎక్కించే పై ట్యాంకులోనూ బాల్ వాల్వ్ ఉంటుంది. నీళ్లు నిండితే బంతి తేలి దారి మూసేస్తుంది. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. బకెట్లకు, గీజర్లకు పట్టే తెల్ల గార ఈ బాల్ వాల్వ్ కీలుకూ పడుతుంది. అప్పుడు బంతి తేలినా కాడ కదలదు. పైగా ఓవర్‌ఫ్లో పైపును మురికి కాలువలోకి వదులుతారు కాబట్టి పొంగేది ఎవరి కంటా పడదు. ఆ పైపు కొసను కాలువలో ముంచకుండా వాకిట్లో కనబడేలా పెట్టించండి. పొంగితే పక్కింటివారైనా చెబుతారు. గార పట్టిన కీలును నిమ్మరసంలోనో చింతపండు పులుసులోనో రాత్రంతా నానబెట్టి బ్రష్షుతో తోమితే చాలాసార్లు కొత్తది కొనే పని ఉండదు.

ఇంత చిన్న వస్తువు గురించి ఇంతగా రాస్తున్నారేమిటని అనుకోవచ్చు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాంలో 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. 33 గేట్లలో ఒక్కటి. నీళ్ల ఒత్తిడి తగ్గించడానికి మిగతా గేట్లూ ఎత్తి, పంటల కోసం దాచిన నీళ్లను కిందికి వదలాల్సి వచ్చింది. గేట్ల నిపుణులు కన్నయ్య నాయుడు గారి ఆధ్వర్యంలో స్టాప్‌లాగ్ పలకలు దించి ఆపేసరికి వారం దాటలేదు గానీ, ఆ వారంలో ఏటి ఒడ్డు ఊళ్లు నిద్రపోలేదు. డ్యాం ఖరీదెంత, ఒక గొలుసు ఖరీదెంత! ఇళ్లలోనూ అంతే, మోటరుకు వేలు పోసి కొంటాం, బాల్ వాల్వ్‌ను పదేళ్లదాకా ముట్టుకోం.

కారే కుళాయి సంగతి అందరికీ తెలిసిందే, కానీ ఎంత కారుతుందో ఎవరూ కొలవరు. 250 మిల్లీలీటర్లు పట్టే గ్లాసు కుళాయి కింద పెట్టి గడియారం చూడండి. పదిహేను నిమిషాల్లో నిండితే రోజుకు 24 లీటర్లు, నెలకు 720 లీటర్లు. లోపలి వాషర్ అరిగి ఉంటుంది, మార్చడానికి పానా ఒకటి కావాలి. పాత ఇత్తడి కుళాయిల్లో వాషర్ కూర్చునే గట్టు కూడా గీతలు పడి ఉంటుంది, అప్పుడు కుళాయే మార్చాలి. కారడం ఆపాలని కుళాయిని బలవంతంగా బిగించేవాళ్లున్నారు. దానితో గట్టు ఇంకా పాడవుతుంది.

నేలలో పైపు పగిలితే కనిపెట్టడం కష్టం. ఆదోని, ఎమ్మిగనూరు వైపు మన నల్లరేగడి నేల ఎండకు బీటలు వారుతుంది, వానకు ఉబ్బుతుంది. దానితోపాటు పైపూ లాగబడుతుంది, సొల్యూషన్ సరిగ్గా పూయని అతుకు ఊడుతుంది. సంపు సిమెంటు కూడా అలాగే పగులుతుంది. ఎండాకాలంలో వాకిట్లో ఒక్క చోటే పచ్చగడ్డి మొలిచినా, గోడ అడుగున తేమ పట్టి సున్నం రాలినా అక్కడ తవ్వి చూడాలి. సంపుకు కూడా ట్యాంకుకు చెప్పిన కర్ర పరీక్షే. ఇసుక పరిచి దాని మీద పైపు వేయిస్తే నేల కదలిక కొంత తట్టుకుంటుంది. కొత్తగా ఇల్లు కట్టేవారు ఇది గుర్తుంచుకుంటే మంచిది.

ఇక కరెంటు లెక్క. ఒకటిన్నర హెచ్‌పీ మోటరు గంట తిరిగితే సుమారు ఒకటిన్నర యూనిట్ కాలుతుంది. కారిన నీళ్ల కోసం రోజుకు ఒక గంట ఎక్కువ తిప్పితే నెలకు 45 యూనిట్లు. ఇది మామూలు రేటుతో కలవదు, పై శ్లాబులో కలుస్తుంది. 2022-23 టారిఫ్‌లో మొదటి 30 యూనిట్లకు 1.90 రూపాయలైతే, 76 నుంచి 125 దాకా 4.50, 126 నుంచి 225 దాకా 6 రూపాయలు, ఆపైన 400 దాకా 8.75. ఆ లెక్కన 120 యూనిట్లు కాలే ఇంట్లో ఈ 45 కలిస్తే ఇంకో 262 రూపాయల 50 పైసలు. 210 కాలే ఇంట్లో అయితే అవే 45 యూనిట్లకు 352 రూపాయల 50 పైసలు. మిగతా చార్జీలు దీనికి అదనం. అంటే ఫ్యాను, లైటు, ఫ్రిజ్ ఎక్కువ వాడే ఇంట్లో కారే నీళ్లు ఇంకా ఖరీదు.

మోటరు సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి మేము అన్ని ఇళ్లలో ఒక పని చేయిస్తున్నాం. ఖాళీ ట్యాంకు నిండటానికి ఎన్ని నిమిషాలు పట్టిందో తేదీతో సహా మోటరు స్విచ్చి పక్కన గోడ మీద రాయమంటున్నాం. నెలకోసారి మళ్లీ చూడాలి. మొదట 25 నిమిషాలు పట్టింది తర్వాత 45 పడితే ఏదో జరిగింది. ఇసుక తగిలి మోటరు లోపలి ఇంపెల్లర్లు అరిగి ఉండొచ్చు, కండెన్సర్ బలహీనపడి ఉండొచ్చు, వోల్టేజి తగ్గి ఉండొచ్చు, పైపు ఎక్కడో కారుతుండొచ్చు, బోరులో నీటిమట్టమే పడిపోయి ఉండొచ్చు. మొదట కొంతసేపు ధారగా వచ్చి తర్వాత గాలితో కలిసి బుసబుసలాడితే బోరుకు ఊట చాలడం లేదు. అప్పుడు ఒకేసారి గంట తిప్పే బదులు మధ్యలో ఆపి రెండు విడతలుగా తిప్పాలి. నీళ్లు లేకుండా తిరిగితే మోటరు కాలుతుంది. గోడ మీది ఆ అంకె మీటరు లేని ఇంటికి మీటరు లాంటిది. “గోడ పాడైపోతుంది భాయ్” అని ఒకామె గునిసింది. క్యాలెండరు మీద రాసుకోమన్నాం.

తాగేనీళ్ల గురించి కొంచెం. కర్నూలు, కడప వైపు చాలా బోర్లలో ఉప్పు, కొన్ని చోట్ల ఫ్లోరైడ్ ఉన్నాయి కాబట్టి ఇళ్లలో ఆర్‌ఓ మిషన్లు పెట్టుకుంటున్నారు. ఇవి ఒక బిందె మంచినీళ్లు ఇవ్వడానికి అంతకన్నా ఎక్కువ నీళ్లే పక్క గొట్టంలో వదిలేస్తాయి. ఆ గొట్టాన్ని సింకులోకి కాకుండా బకెట్‌లోకి పెడితే అంట్లకు, ఇల్లు తుడవడానికి, మరుగుదొడ్డికి సరిపోతుంది. మొక్కలకు రోజూ అవే పోయవద్దు, ఉప్పు పేరుకుంటుంది.

ఇళ్ల లోపాలు ఇంత వివరంగా రాశాక మా ఇంటి సంగతి దాచడం న్యాయం కాదు. మేము చూసుకునే మసీదులో రెండేళ్ల కింద నీళ్లు చాలడం లేదని మోటరు మార్చి పెద్దది పెట్టించాం. వుజూ కుళాయిల కింద ఏనాడూ బకెట్ పెట్టి చూడలేదు. ఈ ఏడాది చూశాం. ఒక కుళాయి నిమిషానికి 6 లీటర్లు వదిలితే, ఒకరి వుజూకు నిమిషంన్నర పడితే, ఒక వుజూకు 9 లీటర్లు. పూటకు 40 మంది, అయిదు పూటలు అనుకుంటే రోజుకు 1,800 లీటర్లు. దైవప్రవక్త (స) ఒక ముద్ద్ నీటితో వుజూ, ఒక సా నుంచి అయిదు ముద్ద్‌ల నీటితో గుస్ల్ చేసేవారని హదీసు గ్రంథాల్లో ఉంది. సా అంటే నాలుగు ముద్ద్‌లు. ముద్ద్ అంటే లీటరు లోపే. ఈ హదీసు మా మసీదులో ఎన్నోసార్లు చదివి వినిపించారు. విన్నవాళ్లం లేచి వెళ్లి కుళాయి పూర్తిగా తిప్పాం.

మార్చింది కొంచెమే. కుళాయిల వెనక ఉండే చిన్న వాల్వులను సగం మూసి ధార సన్నబరిచాం. కారే వాషర్లు మార్చాం. ఒక మూల పది ప్లాస్టిక్ లోటాలు పెట్టాం. ముసలివారు లోటా చూడగానే సంతోషించారు, హౌజు దగ్గర వారు నేర్చుకున్న వుజూ అదే. కుర్రాళ్లు మాత్రం ధార సన్నగా వస్తోందని రెండు జుమాలు గొణిగారు. తర్వాత అలవాటైపోయింది. పెద్ద మోటరు అవసరం లేకపోయిందని ఇప్పుడు తెలిసింది. దానికి ఖర్చయిన డబ్బు ఎలాగూ తిరిగి రాదు.

దాతలు తప్పక అడిగే మాట ఒకటుంది, నిధుల సంగతి. మసీదు కుళాయిలకు, మసీదు మోటరుకు జకాత్ సొమ్ము ముట్టుకోలేదు. జకాత్ అర్హుడైన మనిషి చేతికి చేరాలన్నది మన ఉలమా చెప్పిన పద్ధతి, కాబట్టి మసీదు పని లిల్లాహ్ నిధి నుంచే చేశాం. పేద ఇళ్లలో వాల్వులు, వాషర్లు కొన్నప్పుడు జకాత్‌కు అర్హులైతే డబ్బు వారి చేతికే ఇచ్చి, వారితోనే షాపులో కొనిపించాం. మిస్త్రీ కూలి సదఖా నుంచి ఇచ్చాం. ఇంకో జాగ్రత్త కూడా పాటించాం. మగదిక్కు లేని ఇళ్లకు మిస్త్రీని ఒంటరిగా పంపలేదు. మన మహిళా విభాగం నుంచి ఒక ఆపా ముందు వెళ్లి, కర్ర పరీక్ష, రంగు పరీక్ష ఆమే చేయించి, ఏది ఎక్కడ పాడైందో రాసుకుని వచ్చాకే మిస్త్రీ వెళ్లేవాడు. దీనివల్ల ఇంకో లాభం కలిగింది. మగవాళ్లం అడిగితే “అంతా బాగుంది” అనే ఇల్లాళ్లు ఆపాతో ఏ కుళాయి ఎన్నాళ్లుగా కారుతోందో, ట్యాంకరు అప్పు ఎంత ఉందో అన్నీ చెప్పారు.

వచ్చే ఏడాది పట్టికలో ‘నీటి సహాయం’ పద్దు రెండుగా ఉంటుంది. ఒకటి బిల్లులు, ట్యాంకర్లు, రెండోది మరమ్మతులు. ఇంటిని చూడకుండా బిల్లు కట్టకూడదని కమిటీ నిర్ణయించుకుంది. నిజంగా ఊట లేని ఇళ్లున్నాయి, వారికి ట్యాంకరు ఆపే ప్రసక్తే లేదు. బిల్లు మొత్తం భరిస్తామని ముందుకొచ్చే దాతలను మేము కోరేది ఏమంటే, ఆ డబ్బులో కొంత ఒక మిస్త్రీ నెలలో నాలుగు రోజుల కూలికి, ఒక పెట్టెడు వాషర్లకు, ఎన్‌ఆర్‌వీలకు కేటాయించమని. ఫలానా వారి పేర బోరు అని రాయి చెక్కించినట్టు వాషర్ మీద పేరు చెక్కించలేం. ఆ విషయంలో మీరు క్షమించాలి.

తేలని పని కూడా ఒకటుంది. ఊరి చివర నాలుగు కుటుంబాలు ఒకే బోరు మీద బతుకుతున్నాయి. మీటరు ఒకరి పేరున ఉంది. మిగతా ముగ్గురూ నెలకు ఇంత అని ఆయనకిస్తారు. ఎవరి పైపులో కారుతోందో కర్ర పరీక్షతో తేలింది, మీటరున్నాయన పైపులోనే. అప్పటిదాకా పెరిగిన బిల్లుకు పక్కవాళ్లే ఎక్కువ వాడుతున్నారని ఆయన అనేవాడు. రెండు కుటుంబాల మధ్య మాటలు ఆగిపోయి ఏడాదైంది. పైపు మేము బాగుచేయించాం. పాత బాకీ ఎవరు ఎవరికి ఇవ్వాలో ఇంకా తేలలేదు. ఇమాం సాబ్, మాలో ఇద్దరు పెద్దలు వచ్చే జుమా తర్వాత వారి వాకిట్లో కూర్చుంటున్నారు. నాలుగు ఇళ్ల నుంచీ కిందటి ఏడాది కరెంటు బిల్లులన్నీ తెచ్చిపెట్టమని చెప్పి వచ్చాం.